నొప్పి ఎంత అని కాదు, ఎంతలో వచ్చింది అని అడగండి

అమ్మకు తలకాయ నొప్పి వచ్చిన రోజు నేను హాస్టల్లో ఉన్నాను. సెకండియర్, మిడ్స్ నడుస్తున్నాయి. పొద్దున ఎనిమిదికి నాయన ఫోన్ చేసి, "మీయమ్మకు తలకాయ నొప్పంట నాయనా, వాంతి గూడా అయ్యింది" అన్నాడు. "ఎంత నొప్పి?" అని అడిగాను. "శానా ఉందంట" అన్నాడు. "పారాసిటమాల్ వేసుకొని పడుకోమను, ఎగ్జామ్ అయినాక చేస్తా" అని పెట్టేశాను. నిమిషం కూడా మాట్లాడలేదు.

నేను అడగాల్సిన ప్రశ్న అది కాదు. సరైన ప్రశ్న అడిగి ఉంటే నాయన జవాబు చెప్పగలిగేవాడు, అమ్మ ఆ పొద్దునే ఆసుపత్రిలో ఉండేది. ఆ ప్రశ్న ఏంటో మీకు చెప్పడానికే ఇది రాస్తున్నా. మనమంతా ఇళ్ళకు దూరంగా ఉన్నవాళ్ళమే. ఇంట్లో ఎవరికి ఏమైనా ముందు మనకే ఫోన్ వస్తుంది, "సదువుకున్నోడు, వానికి తెలుస్తాది" అని.

ఆ పొద్దున

మాది తుమ్మలపల్లె. కడప జిల్లాలో, పులివెందుల దగ్గర. యురేనియం గని ఉన్న ఊరని మీలో చాలామంది వినుంటారు. గని సంగతి అలా ఉంచితే, మిగతా చుట్టుపక్కల ఊళ్ళలాగే మాకూ చీనీ తోటలు, అరటి తోటలు, బోరు నీళ్ళ కష్టాలు. అమ్మకు అప్పుడు 44 ఏళ్ళు. అప్పటిదాకా ఆసుపత్రిలో పడుకున్నది నన్ను కన్నప్పుడే.

పొద్దున ఆరున్నరకు కొళాయి దగ్గర బిందె ఎత్తబోయింది. తల వెనక ఒక దెబ్బ తగిలినట్టయింది. "ఎవురో రాయితో కొట్నారనుకోని ఎనక్కి తిరిగి సూసినా" అని ఆమే తర్వాత చెప్పింది. వెనక ఎవరూ లేరు. బిందె వదిలేసి అక్కడే కూలబడింది. వాంతి అయింది.

జేజి దిష్టి తీసింది. పక్కూరి నుంచి వచ్చిన ఆర్‌ఎంపీ చూసి గ్యాస్ తలకెక్కిందని ఇంజెక్షన్ వేశాడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఇంజనీరింగ్ చదివే నేను ఫోన్లో చెప్పింది మాత్రం అంతకంటే గొప్పగా ఉందా? సాయంత్రానికి నొప్పి కొంచెం తగ్గింది. తగ్గింది కదా అని అందరం ఊరుకున్నాం.

మరుసటి రోజు అమ్మ తలుపులన్నీ మూయించి చీకట్లో పడుకుంది. వెలుతురు చూడలేకపోయింది. మెడ ముందుకు వంగలేదు. మధ్యాహ్నానికి మాటలు తేడాగా వచ్చాయి. మా చిన్నాయనను పట్టుకొని మా మామ పేరు పెట్టి పిలిచింది. అప్పుడు చిన్నాయన కారు మాట్లాడాడు. పులివెందులలో బీపీ చూస్తే 170 / 100. అక్కడి నుంచి కడపకు పంపించారు.

కడపలో డ్యూటీ డాక్టరమ్మ, చిన్న వయసే, అమ్మ మంచం పక్కన కూర్చొని ఒక్కటే అడిగింది. "అమ్మా, నొప్పి మెల్లగా పెరిగిందా, ఒక్కసారే వచ్చిందా?"

"బిందె ఎత్తేలోపల" అంది అమ్మ.

డాక్టరమ్మ వెంటనే సీటీ స్కాన్‌కు రాసింది. స్కాన్ అయ్యేసరికి రాత్రి పదిన్నర. నొప్పి వచ్చి 40 గంటలు. ఫిల్ములో మెదడు అడుగు భాగాన నల్లగా ఉండాల్సిన సందుల్లో తెల్లగా చుక్కలాగా పరుచుకొని ఉంది. ఆ తెలుపు రక్తం. ఆ రాత్రే అంబులెన్సులో రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతికి తీసుకుపోయారు. నేను హాస్టల్ నుంచి బస్సెక్కి తెల్లవారుజామున అక్కడికి చేరాను.

అసలు ఏమైంది

మెదడుకు రక్తం తెచ్చే ధమనులు అడుగు భాగాన ఒక వలయంలాగా కలుస్తాయి. దాన్ని సర్కిల్ ఆఫ్ విల్లిస్ అంటారు. ధమనులు రెండుగా చీలే చోట్ల రక్తం వేగంగా వచ్చి గోడకు తగులుతూ ఉంటుంది. అక్కడ గోడ బలహీనంగా ఉంటే ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి ఉబుకుతుంది. సైకిల్ ట్యూబులో పలచబడిన చోట బుడగలాగా పొంగుతుందే, అలాగ. ఆ బుడగ పేరు ఎన్యూరిజం. అమ్మకు అది రెండు ముందు ధమనులను కలిపే చిన్న నాళం దగ్గర ఉంది. సైజు ఆరు మిల్లీమీటర్లు. అంటే శెనక్కాయ గింజ కంటే చిన్నది.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో థిన్ షెల్స్ చదివినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. లోపల ఒత్తిడి ఉన్న పలచని గోళంలో గోడ మీద పడే స్ట్రెస్ ఎంత? ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చినంత. బుడగ పెరిగేకొద్దీ వ్యాసార్ధం పెరుగుతుంది, మందం తగ్గుతుంది. ఒత్తిడి మారకపోయినా స్ట్రెస్ రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. దానికి బీపీ తోడైతే చెప్పక్కర్లేదు. పరీక్షలో ఆ ఫార్ములాకు నాకు ఫుల్ మార్కులు వచ్చాయి. అది నా ఇంట్లో ఎవరి తలలోనో ఉంటుందని అనుకోలేదు.

పెద్దవాళ్ళలో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటి బుడగ ఉంటుందని లెక్క. చాలామందికి అది ఎప్పటికీ పగలదు, ఉన్నట్టు కూడా తెలియదు. పగిలితే మాత్రం రక్తం మెదడు చుట్టూ ఉండే పొరల మధ్యకు ఒక్క ఉదుటున చేరుతుంది. సబ్‌ఎరక్నాయిడ్ హెమరేజ్ అనేది దాన్నే. అలా పగిలినవాళ్ళలో మూడోవంతు దాకా ప్రాణం దక్కదు. రక్తం గడ్డకట్టి చిల్లు తాత్కాలికంగా మూసుకుంటే మనిషి బతుకుతాడు. నొప్పి కొంచెం తగ్గొచ్చు కూడా. కానీ ఆ గడ్డ గట్టిది కాదు. మళ్ళీ పగిలే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉండేది మొదటి 24 గంటల్లోనే. మేము దిష్టి తీసి, ఇంజెక్షన్ వేయించి, తగ్గిందని ఊరుకున్నది ఆ 24 గంటల్లోనే.

క్లాసులో ఒకరిద్దరు అడిగారు, "మీ ఊళ్ళో యురేనియం ఉంది కదరా, దానివల్లేనా?" అని. ఊళ్ళో కూడా కొందరు అదే అన్నారు. తిరుపతిలో డాక్టరుగారిని అడిగాను. తెలిసిన కారణాలు వరసగా చెప్పాడు: బీపీ, పొగతాగడం, కుటుంబంలో ఇంకెవరికైనా ఉండటం. వయసు మీరేకొద్దీ, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ జాబితాలో యురేనియం లేదు. నీళ్ళ గురించి మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న భయం వేరే విషయం, దాన్ని నీళ్ళ పరీక్షలతోనే తేల్చాలి. అన్నీ గని మీదికి తోసేస్తే మాత్రం బీపీ చూపించుకోవాలన్న ఆలోచన రాదు. మా అమ్మ బీపీ అంతకుముందు ఎంతుండేదో మాకెవరికీ తెలియదు. ఎవరూ ఎప్పుడూ చూపించలేదు.

ఆ ఒక్క ప్రశ్న ఎందుకు

నేను "ఎంత నొప్పి?" అని అడిగాను. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే యాంప్లిట్యూడ్ అడిగాను. అడగాల్సింది రైజ్ టైమ్.

మైగ్రేన్ కూడా భరించలేనంత ఉంటుంది. కానీ అది మామూలుగా పది నిమిషాల్లోనో గంటలోనో మెల్లగా పెరుగుతూ పోతుంది. ఎన్యూరిజం పగిలిన నొప్పి సున్నా నుంచి ఒక్క నిమిషంలోపే శిఖరానికి చేరుతుంది. స్టెప్ ఇన్‌పుట్ లాగా. డాక్టర్లు దాన్ని పిడుగుతో పోలుస్తారు. "ఏ టైముకు వచ్చింది, ఏం చేస్తున్నావు?" అని అడిగితే కచ్చితంగా చెప్పగలుగుతారు, మా అమ్మ బిందె గురించి చెప్పినట్టు. మామూలు తలనొప్పికి అలా చెప్పలేరు.

పిడుగులాగా వచ్చిన ప్రతి నొప్పీ ఎన్యూరిజం కాదు. ఎక్కువ భాగం కాదు కూడా. కానీ అవునో కాదో ఇంట్లో తేలదు, స్కాన్‌లోనే తేలాలి. దానికి కూడా టైము ముఖ్యం. మొదటి ఆరు గంటల్లో తీసిన సీటీలో రక్తం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ రక్తం పలచబడి స్కాన్ మామూలుగా కనిపించవచ్చు. అప్పుడు వెన్నులో నుంచి నీరు తీసి చూడాల్సి వస్తుంది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే మాకూ ఆ గందరగోళం వచ్చేదేమో.

నొప్పి ఒక్కసారిగా రావడంతోపాటు వాంతి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, కాసేపు స్పృహ తప్పడం, ఒక కనురెప్ప వాలిపోవడం, మాట తేడా రావడం, ఇందులో ఏది ఉన్నా ఇంక ఆలోచించొద్దు. 108కు చెయ్యండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే పొమ్మనండి.

క్లిప్పా, కాయిలా

తిరుపతిలో తొడ దగ్గరి ధమనిలో నుంచి సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి యాంజియోగ్రామ్ తీశారు. స్క్రీన్ మీద మెదడు నాళాలు ఎండాకాలం తుమ్మ కొమ్మల్లాగా కనిపించాయి. ఒక కొమ్మ చీలిన చోట చిన్న కాయ. డాక్టరుగారు దాన్ని పెన్నుతో చూపించి నాయనతో, "రెండు దార్లున్నాయి పెద్దాయనా" అన్నాడు.

ఒకటి పాత దారి. పుర్రె తెరిచి, బుడగ మెడకు బట్టల క్లిప్పులాంటి చిన్న లోహపు క్లిప్పు పెట్టడం. ఇలా మొదట చేసింది అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్, 1937లో. ఇప్పటికీ కొన్ని బుడగలకు ఇదే మంచిది.

రెండోది కాయిల్. మన బ్రాంచిల వాళ్ళకు బాగా నచ్చే కథ ఇది. గుయిడో గుగ్లియెల్మీ అనే ఇటలీ డాక్టరు, బుడగలోకి సన్నని తీగ పంపి కరెంటుతో రక్తం గడ్డ కట్టించాలని ప్రయోగాలు చేస్తుండగా తీగ కొస కరిగి తెగి లోపలే ఉండిపోయింది. ఆ పొరపాటునే ఆయన పద్ధతిగా మార్చాడు. వెంట్రుకలాంటి ప్లాటినం తీగ చుట్టను స్టీలు తీగ కొసకు అతికిస్తారు. గొట్టంలో నుంచి దాన్ని బుడగలోకి తోస్తారు. సరిగ్గా కూర్చుందని చూసుకున్నాక ఒక మిల్లీ యాంపియర్ దరిదాపుల్లో కరెంటు ఇస్తారు. విద్యుద్విశ్లేషణలో స్టీలు అతుకు కరిగిపోతుంది, ప్లాటినం కరగదు. చుట్ట లోపల ఉండిపోతుంది, తీగ బయటికి వస్తుంది. బుడగ నిండేదాకా ఇలా ఒక్కొక్కటీ పెడతారు. లోపల రక్తం కదలక గడ్డకడుతుంది, ఒత్తిడి గోడ మీద పడదు. ఇంటర్ కెమిస్ట్రీలో మనం బట్టీ పట్టిన ఎలక్ట్రాలిసిస్ ఇదే. మొదటి మనిషికి 1990లో చేశారు.

ఈ రెండింటినీ పోల్చిన పెద్ద అధ్యయనం 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2143 మంది పేషెంట్లు. ఏడాది తర్వాత చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్ళు కలిపి క్లిప్పు గుంపులో నూటికి 30.6, కాయిల్ గుంపులో 23.7. అందుకని రెండూ చేయడానికి వీలున్న బుడగైతే కాయిల్ వైపు మొగ్గుతున్నారు. కాయిల్‌కూ ఒక లోపం ఉంది. చుట్టలు కాలక్రమంలో అణిగి బుడగ మెడ మళ్ళీ తెరుచుకోవచ్చు. అందుకే తర్వాత కూడా స్కాన్లు తీస్తూ ఉండాలి.

నాయన ఇవన్నీ విని, "మీ తల్లికైతే యాది సేస్తారు సార్?" అని అడిగాడు. "కాయిల్" అన్నాడు డాక్టరుగారు. నాయన సంతకం పెట్టాడు. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద గడిచింది. 2007లో మొదలైన ఆ పథకాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు లేకపోయుంటే చీనీ తోట పోయేది, అనుమానం లేదు.

ఎనిమిదో రోజు

కాయిల్ బాగా కూర్చుంది. అమ్మ కళ్ళు తెరిచింది, నన్ను గుర్తుపట్టింది, "పరీచ్చలు రాసినావా?" అని అడిగింది. ఊరికి ఫోన్లు చేసి చెప్పేశాం. చిన్నాయన తిరిగి పోయాడు.

నొప్పి వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఎనిమిదో రోజు, అమ్మ మళ్ళీ మాట్లాడటం తగ్గించింది. పిలిస్తే చూస్తుంది, జవాబు రాదు. కుడికాలు ఎత్తలేకపోయింది. "ఆపరేషన్ బాగైందన్నారు గదా" అని నాయన నర్సుల మీద అరిచాడు.

ఇది మాకు ముందే చెప్పారు, మా చెవికెక్కలేదు. చిల్లు మూసినా, బయటికొచ్చిన రక్తం నాళాల చుట్టూ అలాగే ఉంటుంది. అది కరిగేటప్పుడు నాళాలు బిగుసుకొని సన్నబడతాయి. వాసోస్పాజం అంటారు. నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా ఈ భయం ఉంటుంది. నాళం సన్నబడితే అవతలి మెదడుకు రక్తం చాలదు. అందుకే కాయిల్ పెట్టినా ఐసీయూలోనే ఉంచుతారు.

అమ్మకు సెలైన్ పెంచి, మందులతో బీపీని కావాలనే పైకి తెచ్చారు. నిన్నటిదాకా దించాలన్న బీపీని ఈరోజు పెంచుతున్నారేంటని నాయనకు అర్థం కాలేదు. పైపు సన్నబడినప్పుడు అదే ప్రవాహం రావాలంటే ప్రెషర్ పెంచాలి కదా అని నేను పంపు మోటారు పోలిక చెబితే తలూపాడు. బుడగ మూసేశారు కాబట్టే ఇప్పుడు బీపీ పెంచే ధైర్యం చేయగలిగారు. మూడు రోజులకు కాలు కదిలింది.

నిమోడిపిన్ అనే మాత్ర మొదటి రోజు నుంచే ఇస్తున్నారు. నాలుగు గంటలకొకసారి, 21 రోజులు. అంటే 126 సార్లు. ఇళ్ళకు పంపేటప్పటికి ఇంకా ఐదు రోజులది మిగిలింది. ఒక్క డోసు కూడా తప్పొద్దన్నారు. నా ఫోన్లో రెండు, ఆరు, పది, మళ్ళీ రెండు, ఆరు, పది అని అలారాలు పెట్టుకున్నా. రాత్రి రెండింటికి లేపి మాత్ర ఇస్తే అమ్మ ప్రతిసారీ, "తెల్లారిందా నాయనా?" అనేది.

"బాగైంది" అంటే

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. చూడటానికి వచ్చినవాళ్ళంతా "ఏమీ లేదే, శుబ్బరంగా ఉందే" అన్నారు. తలకు కుట్లు లేవు, కట్టు లేదు. కానీ అమ్మ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది, లేకపోతే అసలు వేసేది కాదు. ఇల్లు కదలకుండానే, పొద్దున తోటకు పోయి వచ్చినానని వివరంగా చెప్పేది. అబద్ధం కాదు, ఆమెకు అది నిజం. బుడగ ఉన్న ఆ చోటు జ్ఞాపకానికి సంబంధించిన భాగాలకు దగ్గర. జ్ఞాపకంలో ఖాళీ ఉంటే మెదడు ఏదో ఒకటి పెట్టి నింపుకుంటుందట. జేజితో రోజూ పోట్లాడే మనిషి దేనికీ కోపం తెచ్చుకోవడం మానేసింది. జేజే ఏడ్చింది, "ఒగసారన్నా తిట్టవే" అని.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూసినవాళ్ళకు ఎమీలియా క్లార్క్ తెలుసు. ఆమెకు 2011లో, 24 ఏళ్ళప్పుడు, మెదడులో ఎన్యూరిజం పగిలింది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు తన పేరు తాను చెప్పలేకపోయింది. 2013లో రెండో బుడగకు పుర్రె తెరవాల్సి వచ్చింది. ఈ రెండింటి మధ్యా ఆమె షూటింగులు చేస్తూనే ఉంది, 2019లో తనే రాసేదాకా చూసేవాళ్ళకు తెలియలేదు. అది చదివాకే నాకు అర్థమైంది, బయటికి కనపడకపోవడం ఈ జబ్బులో మామూలేనని. హాస్టల్ నుంచి దాన్ని నాయనకు ఫోన్లో తెలుగులో చదివి వినిపించాను. నాయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "నిన్ననే గదా సెప్పినా" అని అమ్మను విసుక్కోవడం తగ్గించాడు.

మాకు పనికొచ్చినవి చెబుతా. ఒక నోటుబుక్కు, అందులో తేదీ, ఆ రోజు పనులు. చేసిన పనికి పక్కన టిక్కు. ఒకసారికి ఒకే పని. స్టవ్ మీద ఏదైనా ఉంటే పక్కన ఒకరు. మధ్యాహ్నం రెండు గంటలు తప్పకుండా నిద్ర, ఎందుకంటే అలసట నెలల తరబడి పోదు. తప్పు చెబితే వాదించకుండా నోటుబుక్కు చూపించడం. బీపీ మాత్ర రోజూ, తగ్గిందని ఆపకుండా. మొదటి మూడు నెలలు ఏ తేడా లేదనిపించింది. ఆరో నెల స్కాన్‌కు పోయినప్పుడు కాయిల్ గట్టిగా ఉందన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ, టికెట్ చిల్లర తక్కువ ఇచ్చాడని కండక్టరుతో గొడవ పెట్టుకుంది. నాయన నా వైపు చూసి నవ్వాడు.

ఇప్పటికి ఏడాదిన్నర. సంగటి తనే చేస్తుంది, పొద్దుపూట తోటకు పోతుంది. పేర్లు తడబడతాయి. ఆ 20 రోజులు మాత్రం ఆమెకు అసలు గుర్తులేవు. బిందె ఎత్తింది గుర్తుంది, ఆ తర్వాత ఇంట్లో అలారం మోగింది గుర్తుంది.

మా మామ

ఇంకొక విషయం మిగిలింది. డాక్టరుగారు కుటుంబ చరిత్ర అడిగినప్పుడు, మా పెద్దమ్మ సంగతి బయటికొచ్చింది. అమ్మ సొంత అక్క. 39 ఏళ్ళకు, తలకాయ నొప్పి అని కూర్చొని, అర్ధగంటలో పోయింది. గాలి సోకిందన్నారు అప్పట్లో. అది ఎన్యూరిజమే అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఒకే కుటుంబంలో తోబుట్టువులో తల్లిదండ్రులో ఇద్దరికి ఉంటే మిగతావాళ్ళు ఎమ్మార్ యాంజియోగ్రామ్ తీయించుకోవడం మంచిదంటారు. దానికి కోత లేదు, గొట్టం లేదు. అందుకే మామను తీయించుకోమన్నారు.

మామ రోజుకు కట్ట బీడీలు తాగేవాడు. బీడీలు మానేశాడు. స్కాన్‌కు మాత్రం రాడు. "ఉందని తెలిస్తే నిద్ర పట్టదబ్బీ" అంటాడు. నేను చెప్పగలిగింది చెప్పాను. బుడగ కనిపించినా చిన్నదైతే చాలాసార్లు ఊరికే చూస్తూ ఉంటారు, బీపీ అదుపులో పెడతారు, అంతే అని. ఈ సంక్రాంతికి మళ్ళీ అడుగుతాను. నా సంగతి కూడా డాక్టరుగారిని అడిగాను. బీపీ చూపించుకుంటూ ఉండమన్నాడు, సిగరెట్ ముట్టొద్దన్నాడు. మామకు చెప్పే ముందు నేను చేయాలి కాబట్టి చేస్తున్నా.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల బీపీ ఒకసారి చూపించండి. ఎప్పుడైనా ఇంటి నుంచి ఫోన్ వచ్చి "తలకాయ నొప్పంట" అంటే, ఎంత ఉందని అడిగి పెట్టేయకండి. ఎంతలో వచ్చిందో అడగండి. "ఒక్కసారే" అనే మాట వినపడితే ఎగ్జామ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ రోజు ఫ్లూయిడ్ మెకానిక్స్ మిడ్‌లో నాకు 20కి 17 వచ్చాయి.